మరిగించిన నీళ్ళతో హైదరాబాదు వెళ్ళాను

షాబాదు బండ మీద పడిన ఆ నాలుగు చుక్కలూ ఉండవలసిన రంగులో లేవు. ఇటుక పొడి కలిపిన నీళ్ళలా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, లాల్ దర్వాజాలో మా రుక్మిణి ఇంటి వాకిట్లో, మురుగునీళ్ళు పోయే మోరీ పక్కన నిలబడి మా అయిదేళ్ళ రవి రెండు చేతులతోనూ నడుము పట్టుకుని నావైపు చూశాడు.

"అమ్మా, వస్తోంది కానీ రావట్లేదు" అన్నాడు.

నేను చూస్తుండగానే ఆ చుక్కలు ఎండకు ఆరిపోయి, బండ మీద సన్నని ఎర్ర మరకలు మిగిలాయి. జ్వరం దిగింది, గొంతునొప్పి పోయింది, పిల్లవాడు గండం దాటాడు అని ఆ ఉదయమే మావారికి కార్డు రాసి డబ్బాలో వేయించాను. అది ఈపాటికి రైలెక్కి ఉంటుంది.

ప్రయాణం గురించి రాస్తూ ఇలాంటి చుక్కలతో మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. హైదరాబాదు వెళ్ళొచ్చానంటే అందరూ చార్మినారు గురించీ గాజుల గురించీ అడుగుతున్నారు. అవీ చెబుతాను. కానీ నేను చూసిన ఊరు ఆ బండ మీది మరకల చుట్టూనే ఉంది. వేసవిలో పిల్లలను వెంటేసుకుని ప్రయాణాలు చేసే తల్లులు దీన్ని చదివితే నాకు అంతే చాలు.

నాలుగు మరచెంబులు

మా బెజవాడ వైపు ప్రయాణమంటే మొదటి భయం దొంగలు కాదు, నీళ్ళు. పొరుగూరి పెళ్ళికి వెళ్ళొచ్చి ఒక్కసారి తుమ్మితే చాలు, "నీళ్ళు మారాయి" అంటాం. ఊరు దాటే పిల్లలందరికీ మా అమ్మ ఇంటి నీళ్ళు చెంబుతో కట్టి ఇచ్చేది. అవి ఉన్నంతవరకు అవే తాగాలి. అయిపోయాక పై నీళ్ళతో గొంతు తడుపుకోవాలే గాని కడుపు నింపుకోకూడదు. జ్వరం వస్తే అదీ లేదు, ఉద్ధరిణెలతో లెక్క.

నేను మద్రాసులో బి.ఏ. చదివాను, వృక్షశాస్త్రం తీసుకుని. గుంటలోని నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసిన రోజున, మా అమ్మ చెప్పేది వట్టి చాదస్తం కాదని నాకు నమ్మకం కుదిరింది. అప్పటినుంచి ఆమె ఆచారానికి నా శాస్త్రాన్ని జోడించి పాటిస్తున్నాను. అమ్మ ఊరికే చెంబుకు పోసేది. నేను ఇరవై నిమిషాలు తెర్లించి, గుడ్డతో వడగట్టి, నాలుగు మరచెంబులకు పోసి, మూతల చుట్టూ మైనం కూడా పెట్టాను.

"హైదరాబాదులో మనుషులు కూడా నీళ్ళే తాగుతారట, తెలుసా?" అన్నారు మావారు స్టేషనుకు సామాను మోయిస్తూ.

నా పెట్టె అడుగున ఇంకొక ధైర్యం కూడా ఉంది. చిన్న సీసాలో సల్ఫా బిళ్ళలు. కిందటి చలికాలం మావారికి నిమోనియా వచ్చినప్పుడు డాక్టరుగారు ఇచ్చినవాటిలో మిగిలినవి. నా చిన్నప్పుడు ఆ జబ్బు వస్తే ఇంటిల్లిపాదీ దేవుడి గదిలో కూర్చోవడమే. ఈ బిళ్ళలు పడ్డ మూడోనాడు మావారు లేచి కూర్చుని కాఫీలో పంచదార చాలలేదని విసుక్కున్నారు. మన తరంలో ఇంతటి మందు పుట్టిందని నేను అందరికీ చెప్పుకునేదాన్ని. ఇప్పటికీ చెబుతాను.

సరిహద్దులో సోదా

యుద్ధం రోజులు కదా, రైలు నిండా సిపాయిలు. ఆడవాళ్ళ పెట్టెలో మాత్రం కాలు చాపుకునే చోటు దొరికింది. రవి కిటికీ దగ్గర, ఎనిమిదేళ్ళ కమల వాడి చొక్కా పట్టుకుని వాడి పక్కన.

నిజాం రాజ్యంలో అడుగు పెట్టగానే సుంకం వాళ్ళు వచ్చి పెట్టెలు తెరిపించారు. మీసాల జవాను ఒకడు నా మరచెంబు ఎత్తి చెవి దగ్గర ఊపాడు.

"మైనం వెట్టిన్రు. ఏమున్నదమ్మా ఇందుల? అత్తరా, నెయ్యా?"

"నీళ్ళు."

"నీళ్ళకు మైనమెందుకు?"

"మరిగించినవి."

వాడు పక్కవాణ్ణి పిలిచాడు. "ఇగో భాయ్, ఈ అమ్మ గోదారి, కిష్ణ రెండు గట్టుకొని తెచ్చుకుంటున్నది. మన రాజ్యంల బాయిలన్ని ఎండినయనుకున్నది!"

పెట్టెలోని ఆడవాళ్ళందరూ నవ్వారు. మూత తీయించి వాసన చూసి, నిజంగా నీళ్ళేనని తేలాక వాడికి ఇంకా నవ్వొచ్చింది. నీళ్ళకు సుంకం లేదట. నా మైనం మాత్రం పోయింది. ఆ చెంబును నేను చేతులు కడుక్కోవడానికి వాడేశాను.

ఆ ఊళ్ళో మన రూపాయి చెల్లదు. మనదాన్ని కల్దార్ అంటారు, వాళ్ళది హాలీ. మన రూపాయి ఇస్తే వాళ్ళ రూపాయి మీద రెండణాల పైన వస్తుంది. దిగినప్పటినుంచి నేను కొంచెం ధనవంతురాలినైపోయానని కమల సంబరపడింది.

నాంపల్లి నుంచి లాల్ దర్వాజా

రుక్మిణి నాంపల్లి స్టేషనుకు టాంగా కట్టించుకుని వచ్చింది. మద్రాసు హాస్టల్లో మూడేళ్ళు నా పక్క మంచం ఆమెది. ఇప్పుడు పాతబస్తీలో ఆడపిల్లల బడి నడుపుతోంది. భర్త సర్కారు కొలువు మీద జిల్లాలు తిరుగుతుంటాడు. బడికి సెలవులని, రమ్మని ఆరు ఉత్తరాలు రాసింది.

"ఏందే శారదా, గింత సన్నగైనవ్! పిల్లలకే అన్నం వెడ్తున్నవా, నువ్వు గిట్ల తింటున్నవా?" అని నన్ను కావలించుకుంది. సామానులో చెంబులు చూసి, "గివేంది?" అంది. చెప్పాను. "నువ్వు మారలేవే తల్లీ" అని నెత్తి కొట్టుకుంది.

టాంగాకు మూడు వైపులా పరదా కట్టి ఉంది. బెజవాడలో మేము నడిబజారులో నడిచే వాళ్ళం, పరదా వెనక కూర్చోవడం నాకు దాగుడుమూతల్లా అనిపించింది. కమల అంచులోంచి వేలు దూర్చి చూస్తూ ఊరంతా చదివి వినిపించింది. అమ్మా నది, నీళ్ళు లేవు. అమ్మా గుమ్మటం. అమ్మా ఒంటె. చార్మినారు రాగానే టాంగా అతను తానే పరదా ఎత్తి, "చూడుండ్రి అమ్మా, బేఫికర్. దీన్ని చూసెటందుకు పర్దా ఏంది?" అన్నాడు. సాయంకాలపు వెలుగులో ఆ నాలుగు మినారులూ తేనెరంగులో ఉన్నాయి. కింద సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, పూలు, కబాబుల పొగ, ఒక మోటారు, దానికి అడ్డంగా ఒక మేక. ఎవరూ ఎవరినీ తిట్టుకోవడం లేదు. మా ఊళ్ళో ఆ మేక ఒక్కటి చాలు, గంటసేపు తగువుకు.

గుమ్మం ముందు బర్రె

లాల్ దర్వాజా నుంచి ఛత్రినాక వైపు వెళ్ళే సందులో రుక్మిణి ఇల్లు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, కాళ్ళ కింద చల్లటి షాబాదు బండలు. వాకిట్లో నల్లా. గండిపేట చెరువు నీళ్ళు గొట్టాల్లో వచ్చి ఇంటింటా పడతాయి. "ఈ నీళ్ళు తాగినోళ్ళు హైదరాబాదు ఇడిసిపోరే" అని రుక్మిణి గ్లాసు నింపి ఇచ్చింది. నేను పక్కన పెట్టాను.

పొద్దున్నే గుమ్మంలో ఒక బర్రె నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. దాని పక్కన మల్లమ్మ. ఇంటి వెనకాల కొట్టం ఆమెది. గౌళివాళ్ళు, తాతల నాటినుంచి అక్కడే పాడి. అక్కడ పాలు చెంబులో రావు. బర్రెనే ఇంటిముందుకు తెచ్చి, ఖాళీ గిన్నె బోర్లించి చూపించి, కళ్ళముందు పిండి ఇస్తారు. మా పాలవాడు ఈ మర్యాద ఎన్నడూ చేయలేదు.

"నీళ్ళు గలుపుతమని గద మీ ఫికర్. సూస్కోండ్రి" అంది మల్లమ్మ గిన్నె బోర్లించి.

"నీళ్ళు ముందుగాలనే బర్రెకు తాగించి తెచ్చిందే, గంతే తేడా" అంది రుక్మిణి.

"తాగించకుంటె పాలు ఏడికెళ్ళి వస్తయమ్మా? ఎండకాలం, తొట్టి తొట్టి తాగుతది." రవి బుగ్గ గిల్లి, "గీ పిలగానికి ఏం తాగిస్తున్రు, మూతి ఎండిపోయున్నది" అంది. ఆ మాట నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. మనం పులుసును కాస్తాం. వాళ్ళు చింతపండు నీళ్ళలో పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరప, తాలింపు వేసి అలాగే పోసుకుంటారు. నోరూరింది. కానీ అది కాయని నీరు. నేను ఒక చెంచా రుచి చూసి అద్భుతమన్నాను. పిల్లలను తిననివ్వలేదు. "అయ్యో రామా!" అని రుక్మిణి వాళ్ళ గిన్నెలు తన వైపు లాక్కుంది.

సగం బిళ్ళ, సగం గ్లాసు

గాజుల బజారుకు వెళ్ళొచ్చిన మూడో నాటి పొద్దున రవికి గొంతు నొప్పి, ఒళ్ళు కాలిపోయే జ్వరం. నోరు తెరిపించి చూస్తే గొంతులో తెల్లటి చుక్కలు. బజారులో దుమ్ము మింగాడు, ఎండలో తిరిగాడు, పక్కింటి పిల్లకు అప్పటికే గొంతు వాచి ఉంది. కారణాలు ఇన్ని ఉండగా నా నోట వచ్చింది ఒక్కటే మాట.

"నీళ్ళు మారాయి."

"వాడు ఇక్కడి నీళ్ళు తాగితె గద!" అంది రుక్మిణి.

"గ్లాసులు నల్లా నీళ్ళతోనే కడిగావుగా" అన్నాను. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

డాక్టరును పిలుస్తానంది. అక్కర్లేదన్నాను. సీసా ఉంది నా దగ్గర. మావారికి ఎన్ని గంటలకు ఒకటి వేశానో నాకు గుర్తుంది. వయసును బట్టి తగ్గించి, బిళ్ళను కత్తిపీటతో సగానికి కోశాను. బిళ్ళతో పాటు నీళ్ళను కూడా సగానికి తెగ్గోశాను. మరచెంబుల్లో నీళ్ళు అడుగంటుతున్నాయి. రుక్మిణి వంటింట్లో మరిగించినవి చల్లారేసరికి పొగవాసన, రవి మొహం తిప్పుకునేవాడు. సరేలే, జ్వరంలో నీళ్ళు తాగకపోవడమే మంచిది, మా అమ్మ పథ్యం అదేగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్లవాడు దాహమంటే రెండు ఉద్ధరిణెలు. బయట రాళ్ళు పగిలే ఎండ.

మందు పని చేసింది. నాలుగో నాటి సాయంకాలానికి ఒళ్ళు చల్లబడింది. "చూశావా?" అన్నాను రుక్మిణితో. ఆమె ఒప్పుకుంది. మిగిలిన బిళ్ళలు కూడా వేసి పూర్తి చేయాలని చదివాను కాబట్టి వేస్తూనే ఉన్నాను.

అయిదో పొద్దున మల్లమ్మ పాలు పిండుతూ అడిగింది. "పిలగాడు ఉచ్చ పోసిండా బిడ్డా?"

నాకు ఒళ్ళు మండింది. "జ్వరం తగ్గిందా అని అడుగుతారు ఎవరైనా."

"మేం బర్రెకు గదే ముందుగాల సూస్తం. మేత తినకుంటె ఒకనాడు ఆగుతం. ఉచ్చ బందయితె ఆగం. మా కోడె గట్లనే సచ్చింది, కడుపుబ్బి. మొకం సూడు, ఉబ్బినట్టున్నది."

"నిద్ర మొహం" అన్నాను. రాత్రి లేచాడా, తెల్లవారి వెళ్ళాడా అని గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. లోపలికి వెళ్ళి మావారికి కార్డు రాశాను.

ఆ తర్వాత మధ్యాహ్నం, ఆ బండ, ఆ చుక్కలు.

శాలిబండ దాకా

నా కేకకు రుక్మిణి వచ్చింది. బండ మీది మరక చూసింది. "శాలిబండల జుబేదా డాక్టరమ్మ ఉన్నది. నడువ్" అంది. సందులో టాంగా లేదు, ఆ ఎండకు కుక్క కూడా లేదు. నా అరుపు విని కొట్టంలోంచి మల్లమ్మ వచ్చి, నన్నేమీ అడగకుండా రవిని చంకకెత్తుకుంది. ఆమె నడక మా పరుగును మించిపోయింది. కమల చెప్పులు లేకుండానే బయలుదేరిందని సగం దూరం వెళ్ళాక చూశాను. రుక్మిణి దాన్ని ఎత్తుకుంది.

డాక్టరమ్మ మేడ కింద రెండు గదులు. నలభై ఏళ్ళ మనిషి, తెల్ల చీర, ముక్కు మీద కళ్ళద్దాలు. రవి నడుము వెనక వేళ్ళతో మెల్లగా తట్టింది. వాడు కెవ్వుమన్నాడు. కడుపు కింద నొక్కి చూసింది. గాజు గిన్నె పట్టి, బుజ్జగించి బుజ్జగించి, చెంచాడు కూడా లేని ఆ ఎర్ర నీటిని రాబట్టింది.

"ఏం మందు ఇచ్చిన్రు?"

సీసా చూపించాను.

"ఎన్ని?"

చెప్పాను. ఆమె తల ఊపింది. లెక్క తప్పలేదన్న మాట.

"నీళ్ళు ఎన్ని?"

ఆ లెక్క రుక్మిణి చెప్పింది.

డాక్టరమ్మ కిటికీ దగ్గర సూక్ష్మదర్శినిలో ఆ చుక్కను చూసింది. ఎంతసేపో చూసినట్టనిపించింది. తర్వాత పక్కకు జరిగి, "చదువుకున్నదానివని అన్నది రుక్మిణి. వచ్చి చూడు" అంది.

పదేళ్ళ తర్వాత అద్దానికి కన్ను ఆనించాను. నడుముకు బిగించి కట్టిన వరి పనల్లాంటివి, పదులకొద్దీ. రెండు కొసల్లోనూ సూదులు విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య ఎర్రటి గుండ్రని నలుసులు. అంత అందమైన ఆకారాలు నా కొడుకు ఒంట్లోంచి వచ్చాయి.

"అవి నీ బిళ్ళలే" అంది డాక్టరమ్మ. "మందు నెత్తురుల తిరిగి పని జేసి, గుర్దాలు, మీరు మూత్రపిండాలంటరు, వాటి కాడికి వచ్చి నీళ్ళతోటి బయటికి పోవాలె. నీళ్ళు లేకుంటె పటికబెల్లం లెక్క పలుకు గడ్తది. ఆ పలుకులు సన్నటి నాళాలను గీకుతయి, మూస్తయి. మోరీల కంకర పోసి నల్లా బంద్ జేసినవమ్మా."

"ఎవరూ చెప్పలేదు నాకు" అన్నాను. అనగానే గుర్తొచ్చింది. మావారి డాక్టరుగారు ప్రతి బిళ్ళకూ పెద్ద గ్లాసుడు నీళ్ళు అన్నారు. మింగడానికనుకున్నాను. చలికాలం, మావారు కాఫీలూ బార్లీ నీళ్ళూ అడిగి అడిగి తాగారు, ఏ బాధా లేకపోయింది.

ఆమె బల్ల మీద వైద్య పత్రికల దొంతర ఉంది, ఓడల మీద నెలలు ఆలస్యంగా వచ్చేవి. "మందు మంచిదే. ఈ పిలగాని గొంతు బాగు జేసింది అదే. కొత్త మందు గద, దాని మంచి ముందుగాల రాసిన్రు, దాని చెడు ఇప్పుడిప్పుడు రాస్తున్నరు. ఎండ దేశాలల్ల సిపాయిలకు గిట్లనే అయితున్నదట. నేను చదివి నెల కాలే. నీకెట్ల తెలుస్తది?" ఆ మాట ఆమె దయ. నేను దాన్ని తీసుకోలేదు.

పావుగంటకొకసారి

బిళ్ళలు ఆపేసింది. నడుముకు వేడి కాపడం పెట్టమంది. తినే సోడా కలిపిన నీళ్ళు, బార్లీ నీళ్ళు, మామూలు నీళ్ళు, మార్చి మార్చి పావుగంటకు చిన్న గ్లాసు చొప్పున.

"దీపాలు వెట్టే యాళ్ళదాంక చూస్త. అప్పటికీ రాకుంటె పెద్ద దవాఖాన. అక్కడ సన్న గొట్టం వెట్టి కడుగుతరు. గప్పుడు నేను ఇంకొక్క గుక్క గూడ తాగనియ్య. పోయే తొవ్వ లేకుంటె తాగిన నీళ్ళే ఊపిరి మీదికొస్తయి."

మూలనున్న మట్టి సురాహీ వంచి గ్లాసు నింపి, నా చేతికివ్వబోయి ఆగింది. "మా ఇంటి నీళ్ళు తాగుతడా? లేదంటె రుక్మిణి ఇంటికెళ్ళి తెప్పిస్త."

నేను ఆగిన మాట నిజమే. ఆమె అనుకున్న కారణం వేరు. "మరిగించారా?" అని నా నోట్లోంచి వచ్చేసింది.

డాక్టరమ్మ ఒక క్షణం నన్ను తేరిపార చూసి, పెద్దగా నవ్వింది. "నల్లా నీళ్ళమ్మా! నేను తాగుత, నా పిల్లలు తాగుతరు, మహల్లా మొత్తం తాగుతది. మర్గబెట్టుడు మంచి అలవాటే. మర్గబెట్టి మస్తుగ తాగిస్తె ఇంక మంచిది."

గ్లాసు తీసుకుని రవి నోటికి పెట్టాను. వాడు తాగిన తీరు నేను ఎప్పటికీ మరచిపోను. రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని, గ్లాసు లాగేస్తానేమోనన్నట్టు కళ్ళు నామీదే పెట్టి తాగాడు.

మూడో గ్లాసు తర్వాత కమల ఏడవడం మొదలుపెట్టింది. ఎండకనుకున్నాను. నా కొంగు లాగి, చెవిలో చెప్పింది. "అమ్మా, నా వల్లే. నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు తమ్ముడు ఏడిస్తే నల్లా నీళ్ళు ఇచ్చాను. నిన్న ఒకసారి, మొన్న రెండుసార్లు. అవి చెడ్డ నీళ్ళు, అందుకే రక్తం వచ్చింది."

గుసగుసే కానీ డాక్టరమ్మ వినేసింది. కుర్చీలోంచి వంగి, "ఎన్ని గిలాసలు బేటీ?" అంది.

"మూడు."

"శభాష్! ఆ మూడు గిలాసలకే కావచ్చు, ఇంక చుక్కలన్న వస్తున్నయి." కమలను తన దగ్గరకు లాక్కుంది. కమల ఆమె మాట నమ్మాలా అన్నట్టు నావైపు చూసింది. నేను తల ఊపాను.

నాలుగు, అయిదు, ఆరు గ్లాసులు, ఆపైన లెక్క తప్పాను. మధ్యమధ్య గాజు గిన్నె. మూడు చుక్కలు. మళ్ళీ మూడు. ఎండ కిటికీ మీంచి గోడ మీదకు, గోడ మీంచి చూరుకు జరిగింది. వీధిలో మల్లెపూలవాడు కేక వేశాడు. రుక్మిణి కమల కాళ్ళకు పట్టిన దుమ్ము తుడిచింది. మల్లమ్మ గోడకానుకుని రవిని ఒడిలో పడుకోబెట్టుకుని, నడుముకు కాపడం పెడుతూ తన అమ్మవారితో బేరమాడుతోంది. "బోనమెత్తుత తల్లీ. పిలగాన్ని సల్లగ జూడు. బెల్లమన్నం వండి తెస్త." రవి కళ్ళ కింద వాపు నాకు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. పొద్దున ఎందుకు కనపడలేదో!

డాక్టరమ్మ లేచి దీపం చిమ్నీ తుడవడం మొదలుపెట్టింది. మనిషిని పంపి టాంగా తెప్పించింది. నేను చెంగు బిగించి లేచాను.

"అయ్యో అమ్మో!" అని మల్లమ్మ అరిచింది. రవి ఆమె ఒడిలో నిద్రలోనే పోసేశాడు. చీర తడిసి, చాప తడిసి, కింద తివాచీ అంచు దాకా పారింది. మల్లమ్మ వాణ్ణి అలాగే రెండు చేతులతో పైకెత్తి, "పోసిండు! అమ్మా, పోసిండు! ఇంక పోస్తున్నడు!" అని వీధికి వినపడేలా కేకలు పెట్టింది. డాక్టరమ్మ చిమ్నీ వదిలి గాజు గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. మొదట ఎరుపు, తర్వాత నారింజ, గిన్నె నిండేసరికి పలచని టీ రంగు.

"తివాచీ..." అన్నాను.

"తివాచీ ఖరాబైతె నేను ఉతుక్కుంట. ఇంకో గిలాస ఇయ్యి" అంది డాక్టరమ్మ.

టాంగా దవాఖానకు కాక ఇంటికి తిరిగింది. తిరుగు ప్రయాణంలో రైలు ఆగిన ప్రతి స్టేషనులోనూ రవికి నీళ్ళు తాగించాను. బెజవాడలో మా డాక్టరుగారు వాడి మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, మంట మీద కాచి చూశారు. ఏ తెలుపూ విరగలేదు, గుర్దాలు గట్టివే అన్నారు. గుర్దా అనే హైదరాబాదు మాట నా నోట్లోంచి ఆయన నోట్లోకి ఎక్కింది. ఆ సీసాను నేను పారేయలేదు. దాని మీద కాగితం అంటించి "డాక్టరును అడిగి మాత్రమే. కడవెడు నీళ్ళు" అని రాశాను. మా అమ్మ చదువుకోలేదు కాబట్టి ఆమెకు నోటితో చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. తగ్గుతుంది.

తెల్లవారి

శాలిబండ నుంచి వచ్చిన మర్నాటి పొద్దున రవి మోరీ దగ్గర నిలబడి, గోడ దాకా పోయగలనని కమలతో పందెం కట్టాడు. ఎండుగడ్డి రంగు. నేను గోడ చాటునుంచి చూశాను, తల్లులకు ఆ మాత్రం హక్కు ఉంది. గుమ్మంలో బర్రె వచ్చి నిలబడింది. మల్లమ్మ అడగకముందే "పోశాడు" అన్నాను. "వినవడ్డది" అంది.

ఇద్దరినీ పిలిచి నల్లా గట్టు మీద కూర్చోబెట్టాను. రవి నా ఒళ్ళోకి రాకుండా కొంచెం దూరంగా కూర్చున్నాడు. అది నాకు తగినదే.

"రవికి నడుము నొప్పి ఎందుకు వచ్చిందో చెబుతాను. అమ్మ మందు ఇచ్చింది, మందుకు సరిపడా నీళ్ళు ఇవ్వలేదు. అమ్మకు తెలియక చేసింది. ఈ ఊరి నీళ్ళు చెడ్డవి కావు. అక్క ఇచ్చిన నీళ్ళు అసలే చెడ్డవి కావు."

"మరి నేను దొంగతనంగా ఇచ్చాను కదా" అంది కమల.

"దాహం వేసినవాడికి నీళ్ళిస్తే దొంగతనం కాదు."

"ఇప్పుడు దాహం వేస్తే నిన్ను అడగాలా?" అన్నాడు రవి.

"అడగక్కర్లేదు. తాగండి" అన్నాను. వాడు నమ్మినట్టు కనపడలేదు. అందుకని ఇంకొక మాట కూడా చెప్పాను.

"అమ్మ వద్దన్నా తాగండి."